93 వేల మందిని ఉత్తగనే వదిలేశారా? యుద్ధ ఖైదీల మీద నాయకుల లొల్లి గురించి

జడ్చర్ల నుంచి గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముడు అడిగింది ఇది. టీవీలో చర్చ చూస్తూ ఇంట్లో బాపుకూ మేనమామకూ మాటామాటా పెరిగిందట. 1971 యుద్ధంలో దొరికిన 93 వేల మంది పాకిస్తాన్ సైనికులను ఇందిరమ్మ సిమ్లాలో ఉత్తగనే వదిలేసిందని బాపు, చట్టం ప్రకారం వదలక తప్పదని మామ. మధ్యలో కార్గిల్ వచ్చింది, పైలట్ అభినందన్ వచ్చాడు. ఎవరిది కరెక్టు, ఖైదీల మీద నాయకులు ఎందుకింత కొట్లాడతారు, ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి అని అతని ప్రశ్న.

నేను ఆర్మీలో సుబేదార్‌గా రిటైరైన మనిషిని. సర్వీసులో చాలాకాలం ట్రైనింగ్ సెంటర్లో జవాన్లకు క్లాసులు చెప్పాను, జెనీవా ఒప్పందం క్లాసు కూడా నాకే పడేది. ఇప్పుడు నల్గొండలో సెలక్షన్లకు పిల్లలను తయారుచేస్తుంటాను. ఏ పార్టీ జెండా మోసినవాణ్ని కాదు కాబట్టి మీ బాపు, మామ ఇద్దరూ నా మీద కోపం తెచ్చుకోవచ్చు.

ముందు మీ బాపు మాట చూద్దాం. సిమ్లాలో ఒక్క ఖైదీని కూడా వదల్లేదు. 1972 జూలై 2 తేదీతో ఉన్న ఆ ఒప్పందం తీసి చదవండి, రెండు పేజీలు కూడా ఉండదు. యుద్ధ ఖైదీలను ఎప్పుడు పంపాలన్నది తర్వాత ప్రతినిధులు కూర్చుని మాట్లాడతారని చివర్లో రాసి వదిలేశారు. సిమ్లాలో మనం ఇచ్చింది భూమి. పడమటి సరిహద్దులో మన సైన్యం పట్టుకున్న 5 వేల చదరపు మైళ్లకు పైగా నేల వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకున్నాం. అప్పుడు జనసంఘ్ అధ్యక్షుడిగా ఉన్న వాజ్‌పేయి గట్టిగా పట్టుకున్నది దాన్నే. జవాన్లు ప్రాణాలిచ్చి గెలిచింది టేబుల్ మీద పోగొట్టారని ఆయన పార్టీ దేశమంతా ఆందోళన చేసింది. నన్నడిగితే భూమి విషయంలో ఆ వాదనకు బలముంది. కశ్మీర్ మీద రాతపూర్వకంగా గట్టి హామీ ఏదీ లేకుండా నేల వదులుకోవడం సరైనదేనా అని అడగడం తప్పేమీ కాదు. తర్వాత్తర్వాత జనం నోట్లో పడి భూమి కథా, ఖైదీల కథా కలిసిపోయి "సిమ్లాలో 93 వేల మందిని వదిలేశారు" అయింది.

ఖైదీల కథ వేరే దారిలో నడిచింది. పడమటి ఫ్రంట్‌లో రెండు వైపులా దొరికినవాళ్లను 1972 డిసెంబరులో మార్చుకున్నారు. మనవాళ్లు 600 మందికి పైగా వాఘా దాటి వచ్చారు. తూర్పున 1971 డిసెంబరు 16న ఢాకాలో లొంగిపోయినవాళ్లు మాత్రం మన క్యాంపుల్లోనే ఉండిపోయారు. 93 వేలు అనే అంకెలో సైనికులు, పారామిలిటరీతో పాటు సివిలియన్లు కూడా ఉన్నారు, అది కూడా మీ బాపుకు చెప్పండి. వాళ్లను పంపే ఒప్పందం 1973 ఆగస్టు 28న ఢిల్లీలో కుదిరింది. వాళ్ల జనరల్ నియాజీ జబల్‌పూర్ క్యాంపు నుంచి బయల్దేరి వాఘా దాటింది 1974 ఏప్రిల్ 30న. అంటే లొంగుబాటు నుంచి చూస్తే రెండేళ్ల నాలుగు నెలలు.

ఇక మీ మామ. ఆయన చెప్పిన చట్టం ఉంది. 1949 మూడో జెనీవా ఒప్పందం, ఆర్టికల్ 118. పోరాటం ఆగిపోయాక ఆలస్యం లేకుండా ఖైదీలను వదిలి ఇంటికి పంపాలంటుంది. "మా డిమాండు ఒప్పుకుంటేనే" అని మెలిక పెట్టే వీలు అందులో లేదు. కానీ మామ మరిచిపోయిన సంగతి ఒకటుంది. అదే చట్టం పట్టుకుని చూస్తే మనం ఆలస్యం చేసినట్టే లెక్క. పాకిస్తాన్ 1973 మేలో అంతర్జాతీయ న్యాయస్థానం గడప కూడా తొక్కింది, ఆ ఏడాది చివర్లో కేసు వెనక్కి తీసుకుంది. మనం చెప్పిన కారణం తీసిపారేసేది కాదు. వాళ్లు లొంగింది భారత, బంగ్లాదేశ్ ఉమ్మడి కమాండ్‌కు, కాబట్టి బంగ్లాదేశ్ ఒప్పుకోకుండా పంపలేం. ఆ బంగ్లాదేశ్‌ను దేశంగానే గుర్తించనని పాకిస్తాన్ అధినేత భుట్టో. వీళ్లలో 195 మందిని యుద్ధ నేరాల కింద విచారిస్తానని బంగ్లాదేశ్ నేత ముజిబుర్ రహమాన్. గట్టు తగాదాలో మూడో పాలివాడు సంతకం పెట్టనంటే రిజిస్ట్రేషన్ ఆగిపోయినట్టు, అంతా అక్కడ ఆగింది.

మరి ఉత్తగనే పోయారా? పాకిస్తాన్‌లో ఇరుక్కుపోయిన బెంగాలీలు ఢిల్లీ ఒప్పందంతోనే ఇళ్లకు చేరారు. 1974 ఫిబ్రవరిలో పాకిస్తాన్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. ఏప్రిల్ 9న మూడు దేశాల ఒప్పందం కుదిరింది. జరిగిన నేరాలను ఖండిస్తున్నాం, వాటికి చింతిస్తున్నాం అని పాకిస్తాన్ అందులో చెప్పింది, క్షమించి వదిలేస్తున్నాం అని బంగ్లాదేశ్ చెప్పింది. ఆ 195 మంది మీద ఎక్కడా విచారణ జరగలేదు. ఆ గాయం ఢాకాలో ఇప్పటికీ మానలేదు. నాకైతే మొత్తం వ్యవహారంలో నిజంగా ప్రశ్నించాల్సింది ఇదే అనిపిస్తుంది, మన టీవీల్లో మాత్రం దీని ఊసే ఎత్తరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నాయకులు ఎప్పుడూ ఎందరిని వదిలారు, ఏ ధరకు వదిలారు అనే దాని మీదే కొట్లాడతారు. ఖైదీ బతుకు నిలబడేది ఇంకోచోట. అతను దొరికాడని ఎక్కడైనా రాశారా, రెడ్ క్రాస్‌కు ఆ పేరు చేరిందా, అంతే.

దానికి ఒక కార్డు ఉంది, క్యాప్చర్ కార్డు అంటారు. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దది. ఖైదీ క్యాంపుకు చేరిన వారం లోపల అతని చేతే నింపించాలని ఆర్టికల్ 70. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన చోటు, ర్యాంకు, సర్వీసు నంబరు, ఇంటివాళ్ల చిరునామా, ఏ రోజు దొరికాడు. కింద ఆరోగ్యం గురించి ఒక వరుస: బాగున్నాను, గాయపడలేదు, కోలుకున్నాను, జబ్బుగా ఉన్నాను, చిన్న గాయం, పెద్ద గాయం. తనకు వర్తించనివి కొట్టేయాలి. అదనంగా ఒక్క ముక్క రాయకూడదు, బాగున్నాను అమ్మా అని కూడా రాయకూడదు. ఆ కార్డు ఒకటి జెనీవాలోని రెడ్ క్రాస్‌కు, ఒకటి ఇంటికి పోతుంది. ఆ కార్డు వెళ్లిన మనిషిని మాయం చేయడం కష్టం, ఎందుకంటే రేపు ఎవరో వచ్చి ఫలానా నంబరు ఎక్కడ అని అడుగుతారు.

మన క్యాంపుల్లో ఉన్న ఆ వేలమందికి పేర్లున్నాయి, జాబితాలున్నాయి, రెడ్ క్రాస్ వచ్చి చూసింది, ఉత్తరాలు వెళ్లాయి. పాకిస్తాన్ వైపు మనవాళ్లలో జాబితాకెక్కినవాళ్లు తిరిగొచ్చారు. రావల్పిండి క్యాంపు నుంచి గోడకు కన్నం వేసి పారిపోయి, అఫ్గాన్ సరిహద్దు దగ్గర లండీ కోటల్‌లో దొరికిపోయిన మన ముగ్గురు పైలట్లు కూడా క్షేమంగా వచ్చారు. (పారిపోబోయి దొరికిన ఖైదీకి ఒప్పందం ప్రకారం 30 రోజులకు మించి శిక్ష వేయకూడదు. క్లాసులో ఈ మాట చెప్పగానే వెనక బెంచీ జవాన్ల మొహాలు వెలిగిపోయేవి.) జాబితాకెక్కనివాళ్ల సంగతేంటి? 54 మంది పాకిస్తాన్ చెరలో ఉండి ఉంటారని మన ప్రభుత్వమే పార్లమెంటులో చెబుతూ వచ్చింది. మా దగ్గర ఎవరూ లేరని పాకిస్తాన్ అంటుంది. 2007లో కొందరి కుటుంబాలవాళ్లు అక్కడి జైళ్లు తిరిగి చూసి ఖాళీ చేతులతో వచ్చారు. కార్డు లేని మనిషి కోసం జైలు జైలూ తిరగాల్సిందే.

ఇందులో రాజకీయం చూడండి. 1972లో ఇందిరను నిలదీసిన వాజ్‌పేయి 1977లో జనతా ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయ్యారు. 1979లో ఆయన శాఖ సహాయ మంత్రే తప్పిపోయినవాళ్ల పేర్ల జాబితా లోక్‌సభ ముందు పెట్టారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వేసిన ప్రశ్నలకు కుర్చీలో కూర్చున్నాక జవాబు దొరకలేదు. ఆయనను ఎగతాళి చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఇదే కథ.

కార్గిల్‌లో మళ్లీ ఇదే జరిగింది. 1999 మేలో పెట్రోలింగ్‌కు వెళ్లిన కెప్టెన్ సౌరభ్ కాలియా, మరో అయిదుగురు జవాన్లు దొరికిపోయారు. వాళ్ల శరీరాలు జూన్ 9న తిరిగొచ్చాయి, చిత్రహింసలు పెట్టారని మన సైన్యం చెప్పింది. అదే మే నెలలో, అదే యుద్ధంలో దొరికిన ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత మాత్రం జూన్ 3న రెడ్ క్రాస్ ద్వారా ప్రాణాలతో వచ్చాడు. అతను దొరికిన సంగతి లోకానికంతా తెలుసు. కాలియా బృందం వాళ్ల చేతిలో ఉందని పాకిస్తాన్ అధికారికంగా ఒప్పుకోలేదు. కాలియా తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టుకెళ్లారు, అంతర్జాతీయ కోర్టుకు పోవాలని అడిగారు. కామన్వెల్త్ దేశాల తగాదాలు ఆ కోర్టుకు తీసుకుపోం అని మనమే 1974లో రాసిచ్చి ఉన్నాం. కాంగ్రెస్ ప్రభుత్వం కుదరదంది, తర్వాత వచ్చిన బీజేపీ ప్రభుత్వం కూడా ముందు అదే అంది. 2015లో విమర్శలు వెల్లువెత్తాక, సుప్రీంకోర్టు కుదురుతుందంటే వెళ్తామని సుష్మా స్వరాజ్ చెప్పారు. ఒకరినొకరు ద్రోహులన్న రెండు పార్టీల ఫైలులో ఉన్న నోటు మాత్రం ఒకటే.

అభినందన్ విషయంలో నాయకులు రెండు దేశాల్లోనూ కొట్టుకున్నారు. 2019 ఫిబ్రవరి 27న దొరికాడు, మార్చి 1 రాత్రి అట్టారీలో అడుగుపెట్టాడు. శాంతి కోసం పంపుతున్నానని ఇమ్రాన్ ఖాన్. మా హెచ్చరికకు భయపడి పంపారని ఎన్నికల సభల్లో మోదీ. ఏడాదిన్నర తర్వాత పాకిస్తాన్ పార్లమెంటులో ప్రతిపక్ష ఎంపీ అయాజ్ సాదిక్ లేచి, విదేశాంగ మంత్రి ఖురేషీ ఉన్న ఆ రోజు మీటింగులో కాళ్లు వణికాయి, చెమటలు పట్టాయి అన్నాడు. వాళ్ల ప్రభుత్వం అతన్ని ద్రోహి అంది, మన చానెళ్లు పండగ చేసుకున్నాయి. వీళ్లలో ఎవరూ మాట్లాడనిది ఒకటుంది. అభినందన్ కళ్లకు గంతలతో, మొహం మీద రక్తంతో ఉన్న వీడియో గంటల్లో ప్రపంచమంతా తిరిగింది. ఖైదీని జనం వింతగా చూసేలా ప్రదర్శించకూడదని ఆర్టికల్ 13. మన విదేశాంగ శాఖ దాన్నే ఎత్తి చూపింది. తప్పుగా వచ్చిన ఆ వీడియోనే అతన్ని కాపాడింది కూడా. బతికి ఉన్నాడని అందరూ చూశాక కనపడకుండా చేయలేరు కదా. ఆ వీడియోను వాట్సాప్‌లో మన ఊళ్లలో ఎంతమంది పంచుకున్నారో, దేశభక్తి అనుకుంటూ పంచుకున్నారు, అది కూడా ఆ ఆర్టికల్ వద్దన్న పనే.

"యుద్ధం ప్రకటించలేదు కదా, ఒప్పందం ఎలా వర్తిస్తుంది" అని ఇంటర్వ్యూ బోర్డులో అడగొచ్చు. ఆర్టికల్ 2 చూడండి. రెండు దేశాల మధ్య సాయుధ ఘర్షణ జరిగితే చాలు, ఒకరు యుద్ధం అని ఒప్పుకోకపోయినా వర్తిస్తుంది. బాలాకోట్ తర్వాతి ఘర్షణ గానీ, మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు ప్రాణమిచ్చిన 2020 గల్వాన్ గానీ.

అమెరికా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఖైదీల మీద నాయకుల కొట్లాట అక్కడ జరిగినంత బాహాటంగా ఇంకెక్కడా జరగలేదు. 2002 జనవరిలో గ్వాంటనామో జైలు తెరిచారు. అల్ ఖైదాకు జెనీవా వర్తించదు, తాలిబన్లు యుద్ధ ఖైదీలు కారు అని ఫిబ్రవరిలో బుష్ తేల్చేశారు. అనుమానం ఉంటే ట్రిబ్యునల్ తేల్చేదాకా యుద్ధ ఖైదీగానే చూడాలని ఆర్టికల్ 5 చెబుతుంది, దాన్ని దాటేశారు. మనిషిని కొట్టాలంటే ముందు అతను ఖైదీ కాదనాలి, ఎక్కడైనా వరుస అదే. 2004లో ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైల్లో ఖైదీలను హింసించిన ఫోటోలు బయటపడ్డాయి. వాటి మీద విచారణ చేసిన జనరల్ టగూబా రిపోర్టులో ఫోటోల కన్నా నన్ను ఎక్కువ ఆపింది వేరే సంగతి: రెడ్ క్రాస్ వచ్చినప్పుడు కనపడకుండా కొందరిని జైల్లో అటూ ఇటూ మార్చారు, వాళ్ల పేర్లు రిజిస్టర్లో లేవు. కార్డు లేని మనుషులు.

అప్పుడు సొంత పార్టీ ప్రభుత్వం మీదే సెనేటర్ జాన్ మెకెయిన్ తిరగబడ్డాడు. వియత్నాంలో అయిదేళ్లకు పైగా ఖైదీగా ఉన్న పైలట్ అతను. అడ్మిరల్ కొడుకని ముందే వదిలేస్తామన్నా, నాకన్నా ముందు దొరికినవాళ్లను వదలండని కాదన్నాడు. ఖైదీలను క్రూరంగా చూడకూడదని అతను పెట్టిన సవరణ 2005లో సెనేట్‌లో 90-9తో గెలిచింది. సీఐఏకు మినహాయింపు ఇవ్వాలని ఉపాధ్యక్షుడు డిక్ చీనీ చివరిదాకా పట్టుబట్టాడు. 2006లో హమ్దాన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, దొరికినవాణ్ని హింసించకూడదనే ఉమ్మడి ఆర్టికల్ 3 (నాలుగు జెనీవా ఒప్పందాల్లోనూ ఉన్నది) కనీసం వర్తిస్తుందని చెప్పింది. 2015లో ట్రంప్, పట్టుబడనివాళ్లంటేనే నాకిష్టం అని మెకెయిన్‌ను ఎద్దేవా చేశాడు.

"కొట్టకపోతే నిజం చెబుతారా" అని మీ బాపు అడుగుతారు, నాకు తెలుసు. మెకెయిన్‌ను చిత్రహింసలు పెట్టి మీ స్క్వాడ్రన్‌లో ఎవరెవరున్నారని అడిగితే ఒక ఫుట్‌బాల్ టీమ్ ఆటగాళ్ల పేర్లు చెప్పాడట. దెబ్బలకు దొరికేది ఇదే. నా క్లాసులో నేను చేసిన ప్రయోగం దీనికి తిరగేసింది. శత్రు ఆఫీసర్‌గా నేను కుర్చీలో కూర్చుని, కొత్తగా వచ్చిన జవానును ఎదురుగా కూర్చోబెట్టేవాణ్ని. పేరు, ర్యాంకు, నంబరు, పుట్టిన తేదీ, ఈ నాలుగు తప్ప ఇంకేం చెప్పొద్దని ముందే వందసార్లు చెప్పి ఉంటాను. అచ్చంపేట దిక్కు పిల్లవాడు ఒకడుండేవాడు, గట్టివాడు. అరిచాను, బల్ల గుద్దాను, రాయి లెక్క కూర్చున్నాడు. అప్పుడు చాయ్ తెప్పించి, తెలుగులోకి దిగి, ఏం తమ్మీ, మీ దిక్కు వానలు పడ్డాయా అన్నాను. ఈసారి పత్తి పోయింది సార్ అన్నాడు. లీవ్ దొరకలేదా మరి అంటే, మా కంపెనీ మొత్తం ఫలానా చోటికి మూవ్ అయింది సార్, అందరి లీవులూ ఆపేశారు అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నాకు కావలసింది నా దోసిట్లో పడింది, చాయ్ ఇంకా వేడిగానే ఉంది.

మన నేల మీద జరిగింది కూడా చెప్పకపోతే లెక్క కుదరదు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ మీద జరిగినదాన్ని మన ప్రభుత్వం పోలీసు చర్య అంది, కాబట్టి యుద్ధ ఖైదీలు అనే ప్రసక్తే లేదు. తర్వాత 1951 అక్టోబరు దాకా నల్గొండ, వరంగల్ జిల్లాల్లో కమ్యూనిస్టు దళాలు పోరాటం ఆపలేదు. వేలమందిని డిటెన్షన్ క్యాంపుల్లో పెట్టారు. దొరికినవాళ్లు రాజకీయ ఖైదీలని పార్టీ, హత్య కేసుల ముద్దాయిలని ప్రభుత్వం. స్పెషల్ ట్రిబ్యునళ్లు 12 మందికి ఉరిశిక్ష వేశాయి. వాళ్ల తరఫున బ్రిటన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించాడు. ఆ విచారణలు రాజ్యాంగం అమల్లోకి రాకముందువని 1951లో కోర్టు జోక్యం చేసుకోలేదు. చివరికి ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి. విచిత్రమేమంటే జెనీవా ఒప్పందాన్ని మన దేశం ఆమోదించింది 1950 నవంబరులో, సరిగ్గా ఆ కేసులు నడుస్తున్నప్పుడు. అంతర్గత పోరాటంలో కూడా దొరికినవాణ్ని హింసించకూడదని, సరైన కోర్టు లేకుండా శిక్షించకూడదని అందులోని ఆర్టికల్ 3. ఇది అంతర్యుద్ధం కాదు, శాంతిభద్రతల సమస్య అంటే ఆ ఆర్టికల్ పక్కకు పోతుంది. సూర్యాపేట దిక్కు పెద్దోళ్లు చెప్పేవాళ్లు, మగవాణ్ని ఏ క్యాంపులో పెట్టారో తెలియక ఆడవాళ్లు సద్దిమూట కట్టుకుని క్యాంపు క్యాంపూ తిరిగేవాళ్లని. 1952 ఎన్నికల్లో నల్గొండ జనం రావి నారాయణరెడ్డిని నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో పంపారు. అందుకు కారణాలు చాలా ఉన్నాయి, ఆ సద్దిమూటలు కూడా ఒక కారణమని నా లెక్క.

ఇంటర్వ్యూ సంగతి. పార్టీ పేరు ఎత్తకండి. తేదీలు మాత్రం కలిపేయకండి: సిమ్లా 1972 జూలై, ఢిల్లీ ఒప్పందం 1973 ఆగస్టు, మూడు దేశాలది 1974 ఏప్రిల్. సగం మంది అభ్యర్థులు అక్కడే దొరికిపోతారు. జెనీవా ఒప్పందాలకు మన దేశంలో 1960 నాటి చట్టం ఉందని చెప్పండి, బోర్డు తల ఎత్తి చూస్తుంది. మీ అభిప్రాయం అడిగితే 118, 13, 70 ఆర్టికళ్లు పట్టుకుని మాట్లాడండి. ఇంకా సాగదీస్తే, 2008 ఒప్పందం ప్రకారం భారత్, పాకిస్తాన్ ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం సివిలియన్ ఖైదీల, జాలర్ల జాబితాలు మార్చుకుంటాయని చెప్పండి. సంబంధాలు ఎంత చెడినా ఆ జాబితాలు ఆగడం లేదు. ఈసారి ఆ వార్త వచ్చినప్పుడు కటింగ్ తీసి మీ బాపుకూ మామకూ ఇవ్వండి, సైనికుల జాబితా కూడా అందులో ఎందుకు లేదో ఇద్దరూ కలిసి వాదించుకోవచ్చు.